రొమ్ము క్యాన్సర్ వచ్చిన మనిషికి తోడుగా ఉండటం: కుటుంబ సభ్యులు, స్నేహితులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు రొమ్ము క్యాన్సర్ వచ్చినవారివి కావు, వారి పక్కన ఉండేవారివి. 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 23 లక్షల మంది స్త్రీలకు కొత్తగా ఈ జబ్బు ఉన్నట్లు తేలింది. వారిలో చాలామంది వెనుక ఒక భర్తో, తల్లో, అక్కో, కూతురో, చిన్ననాటి స్నేహితురాలో ఏం చేయాలో పాలుపోక నిలబడి ఉంటారు. పురుషులకూ ఈ జబ్బు వస్తుంది గాని, మొత్తం రోగుల్లో వారు నూటికి ఒకరికి మించరు కనుక ఇక్కడ ‘ఆమె’ అని రాశాం. వైద్యానికి సంబంధించి ఇక్కడ చెప్పినవి సాధారణంగా వర్తించే విషయాలు మాత్రమే. ఆమె పరిస్థితిని ఎరిగి చికిత్స చేస్తున్న డాక్టరు ఇంకోలా చెబితే ఆ మాటనే పాటించండి.

ఇప్పుడే తెలిసింది. ఆమెతో మొదట ఏం మాట్లాడాలి?

గొప్ప మాటలేవీ అవసరం లేదు. “విన్నాను, చాలా బాధగా ఉంది, నేను నీతో ఉంటాను” అన్నపాటి మాట చాలు. ఏం చెప్పాలో తోచడం లేదని ఒప్పుకున్నా తప్పు లేదు. ఆ తర్వాత మీరు ఆగి, ఆమె చెప్పేది వినాలి. ఆమె జబ్బు గురించి మాట్లాడితే జబ్బు గురించి, మాట మార్చి ఇంకేదైనా ఎత్తుకుంటే దాని గురించి మాట్లాడండి. మాటలు దొరకక ముఖం చాటేసేవారు ఎక్కువ మందే ఉంటారు, ఆ మౌనం ఆమెకు జబ్బుకు తోడైన మరో దెబ్బ అవుతుంది. ఇప్పటికే ఆలస్యమైతే ఈరోజైనా ఫోన్ చేయండి. ఇన్నాళ్లు ఎందుకు చేయలేదో ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకోండి.

మొదటి వారాలు వరుస పరీక్షలతోనే గడుస్తాయని కూడా తెలుసుకుని ఉండాలి. గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షలో క్యాన్సర్ అని తేలాక కూడా అది హార్మోన్లకు స్పందించే రకమా, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉన్న రకమా, ఈ రెండింటికీ చెందని ట్రిపుల్ నెగటివ్ రకమా, ఎంతవరకు వ్యాపించింది అన్నవి తెలియడానికి మరికొంత సమయం పడుతుంది, చికిత్స ఏమిటన్నది వాటి మీదే ఆధారపడి ఉంటుంది. ఈలోగా “ఏ స్టేజి? నయమవుతుందన్నారా?” అని ప్రతి ఒక్కరూ అడుగుతుంటే ఆమె దగ్గర జవాబు ఉండదు, ఉన్న భయం మాత్రం పెరుగుతుంది.

మంచి ఉద్దేశంతో అన్నా నొప్పించే మాటలు ఏవి?

“ఏమీ కాదు, ధైర్యంగా ఉండు” అన్నది అందరి నోటా మొదట వచ్చే మాట. ఏమీ కాదని ఎవరూ హామీ ఇవ్వలేరని ఆమెకు తెలుసు. ఆ మాట విన్నాక తన భయాన్ని మీ ముందు పెట్టడానికి ఆమె వెనుకాడుతుంది. “నవ్వుతూ ఉంటే జబ్బు దానంతటదే పోతుంది” అన్నది ఇంతకన్నా హాని చేసే మాట, ఎందుకంటే రేపు జబ్బు ముదిరితే తన మనసు గట్టిగా లేకపోవడం వల్లే అలా జరిగిందని ఆమె తనను తాను నిందించుకుంటుంది. ఏడ్చినంత మాత్రాన క్యాన్సర్ పెరగదు. ఏడవనివ్వండి.

కారణాలు వెతకడం మరో పొరపాటు. ముందే ఎందుకు చూపించుకోలేదు, ఏం తిన్నావు, పిల్లలకు పాలు ఇవ్వలేదా అని ఆరా తీయడం పరామర్శలా ఉండదు, విచారణలా ఉంటుంది. స్త్రీ కావడం, వయసు పెరగడం అన్నవే ఈ జబ్బుకు అన్నింటికంటే పెద్ద కారకాలు. ఫలానా మనిషికే ఎందుకు వచ్చిందో చాలా సందర్భాల్లో డాక్టర్లు కూడా చెప్పలేరు. బ్రా వేసుకోవడం వల్లనో, ఎప్పుడో తగిలిన దెబ్బ వల్లనో ఇది రాదు. ఇదే జబ్బుతో పోయిన బంధువుల కథలు కూడా ఆమె ముందు చెప్పకండి.

అమెరికాకు చెందిన సైకాలజిస్టు సూసన్ సిల్క్ తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పటి అనుభవం నుంచి ఒక పద్ధతిని రూపొందించి, 2013లో బారీ గోల్డ్‌మన్‌తో కలిసి దాన్ని ఒక పత్రికలో వివరించారు. కాగితం మధ్యలో ఒక వృత్తం గీసి అందులో రోగిని, దాని చుట్టూ గీసిన వృత్తంలో అతి దగ్గరివారిని, ఆ బయటి వృత్తాల్లో బంధువులను, స్నేహితులను, పరిచయస్థులను రాసుకోవాలి. మీకంటే లోపలి వృత్తంలో ఉన్నవారికి ఓదార్పు, సాయం మాత్రమే అందాలి. మీ దుఃఖం, కోపం, భయం చెప్పుకోవలసింది మీకంటే బయట ఉన్నవారితో. ఇంత సులువుగా గుర్తుపెట్టుకుని పాటించగలిగిన సూత్రం ఈ విషయంలో ఇంకొకటి నాకు కనబడలేదు.

“ఏదైనా కావాలంటే చెప్పు” అన్నాను. ఆమె ఇంతవరకు ఏమీ అడగలేదు. నిజంగా ఏ సాయమూ అవసరం లేదనుకోవాలా?

అలా అనుకోవద్దు. ఆ మాటతో మీరు ఆమెకు ఇంకో పని అప్పగించారు: తనకేం కావాలో ఆలోచించాలి, అది ఎవరిని అడగాలో తేల్చుకోవాలి, మొహమాటం దాటి అడగాలి. అలసిపోయిన మనిషికి అది చిన్న పని కాదు. అందుకే పని పేరు, రోజు, వేళ మీరే చెప్పండి. “మంగళవారం ఆసుపత్రికి నేను తీసుకెళ్తాను”, “ఈ వారమంతా పిల్లలను బడి నుంచి నేను తీసుకొస్తాను”, “మందులు తెచ్చే పని నాది” అంటే ఆమె సరేననో వద్దనో చెబితే సరిపోతుంది. వద్దంటే నొచ్చుకోకుండా కొద్ది రోజులాగి మళ్లీ అడగండి.

రేడియేషన్ చాలామందికి వారంలో 5 రోజుల చొప్పున కొన్ని వారాల పాటు ఇస్తారు. చికిత్స కొద్ది నిమిషాలే అయినా రోజూ వెళ్లి రావడమే పెద్ద భారం. ఐదుగురు స్నేహితులు తలా ఒక రోజు పంచుకుంటే ఆ భారం ఎవరికీ తెలియదు. ఇలాంటి ఏర్పాట్లన్నీ చూసుకోవడానికి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగేవారికి సమాచారం చెప్పడానికి ఒక మనిషిని నియమించుకుంటే ఆమె రోజుకు పదిసార్లు ఒకే కథ చెప్పాల్సిన బాధ తప్పుతుంది. ఆ మనిషి ఎవరన్నది ఆమే ఎంచుకోవాలి. ఆమె ఇంటి పనిలో సాయపడేటప్పుడు మీ పద్ధతిలో సర్దకండి, ఆమె పద్ధతిలోనే చేయండి. ఆమె పేరు మీద చందాలు సేకరించాలనుకుంటే ముందుగా ఆమె అనుమతి తీసుకోండి, ఎంత అవసరం కనిపిస్తున్నా సరే.

డాక్టరు దగ్గరికి వెంట వెళ్తున్నాను. అక్కడ నా పని ఏమిటి?

వినడం, రాసుకోవడం. కంగారులో ఉన్న మనిషికి డాక్టరు చెప్పినదాంట్లో సగం కూడా గుర్తుండదు. ముందు రోజే ఇద్దరూ కూర్చుని ప్రశ్నలు రాసుకోండి: ఈ చికిత్స వల్ల ఆశించే ఫలితం ఏమిటి, వేరే మార్గాలు ఉన్నాయా, ఏ లక్షణం కనిపిస్తే వేళ కాని వేళలోనైనా ఫోన్ చేయాలి, ఏ నంబరుకు చేయాలి. డాక్టరు ఒప్పుకుంటే మాటలు ఫోనులో రికార్డు చేసుకోవచ్చు. ఆమె వాడుతున్న మందులన్నిటి జాబితా, బలం కోసమని వేసుకునే గోళీలూ పొడులతో సహా, మీ దగ్గర ఉండాలి. రిపోర్టులను తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టే పని మీరే తీసుకోండి.

ఒక ప్రశ్న మాత్రం చికిత్స మొదలు కాకముందే అడగాలి. ఆమె వయసులో చిన్నదైతే, మున్ముందు పిల్లలు కావాలనుకుంటే, కీమోథెరపీ ఆ అవకాశాన్ని దెబ్బతీయవచ్చు కాబట్టి అండాలను గాని పిండాలను గాని ముందుగా భద్రపరచుకునే మార్గం ఉందేమో తెలుసుకోవాలి. ప్రాణం మీద బెంగలో ఈ విషయం చాలా ఇళ్లలో ఎవరికీ గుర్తు రాదు.

డాక్టరు ఆమెను అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పకండి.

రొమ్ము మొత్తం తీయించుకుంటేనే మంచిదని ఇంట్లో అందరం అంటున్నాం. ఆమె గడ్డ వరకే తీయించుకుంటానంటోంది. ఎలా ఒప్పించాలి?

ఒప్పించవలసిన అవసరం ఉందో లేదో ముందు చూడాలి. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికా సర్జన్ విలియం హాల్‌స్టెడ్ రొమ్ముతో పాటు దాని కింది ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కూడా తొలగించే ఆపరేషన్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. ఎంత ఎక్కువ తీస్తే అంత క్షేమమన్న నమ్మకం ఆ తర్వాత దశాబ్దాల పాటు సర్జన్లలోనే బలంగా ఉండేది, సామాన్యుల్లో ఇప్పటికీ ఉంది. దాన్ని పరీక్షకు నిలబెట్టిన సర్జన్లు అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్తో వెరోనేసి. తొలి దశలో ఉన్న రోగుల్లో గడ్డ వరకు తీసి రేడియేషన్ ఇచ్చినవారిని, రొమ్ము మొత్తం తీసినవారిని పోలుస్తూ వారు జరిపిన పరిశోధనల 20 ఏళ్ల ఫలితాలు 2002లో వెలువడ్డాయి. ప్రాణాలు నిలవడంలో ఈ రెండు పద్ధతుల మధ్య తేడా కనిపించలేదు.

అయితే గడ్డ వరకే తీయించుకున్నవారిలో చాలామందికి రేడియేషన్ తప్పనిసరి, దాన్ని మధ్యలో మానకూడదు. రొమ్ములో ఒకటి కంటే ఎక్కువ చోట్ల జబ్బు ఉన్నా, గడ్డ మరీ పెద్దదైనా, రేడియేషన్ ఇవ్వడానికి వీల్లేకపోయినా, వంశపారంపర్యంగా జన్యువులో లోపం ఉన్నా మొత్తం తీయమని డాక్టరే సూచించవచ్చు. సందేహం ఉంటే మరో డాక్టరు అభిప్రాయం తీసుకోండి, అందుకు కొద్ది రోజుల వ్యవధి సాధారణంగా ఉంటుంది. డాక్టరు రెండు మార్గాలూ సమానమేనని చెప్పినప్పుడు మాత్రం ఎంపిక ఆమెది. ఆమె మొత్తం తీయించుకుంటానంటే భర్త అడ్డు చెప్పడమూ ఇంతే తప్పు. ఆ తర్వాత రొమ్మును తిరిగి నిర్మించే ఆపరేషన్ చేయించుకోవాలా, కృత్రిమ రొమ్ము పెట్టుకోవాలా, ఏదీ వద్దనుకోవాలా అన్నదీ ఆమె ఇష్టమే.

అమ్మ తట్టుకోలేదేమోనని భయంగా ఉంది. క్యాన్సర్ అని చెప్పకుండా చికిత్స చేయించవచ్చా?

చేయించకూడదు. ఇలా అడిగేవారిది ప్రేమే గాని, దాని ఫలితం అమ్మను ఒంటరిని చేయడమే. తన శరీరానికి ఏ చికిత్స జరుగుతున్నదో తెలిసి ఒప్పుకునే హక్కు ఆమెది. జబ్బేమిటో తెలియని మనిషి ఏ లక్షణాన్ని ముఖ్యమైనదిగా గుర్తించి చెప్పాలో తెలుసుకోలేదు. అన్నిటికీ మించి, జుట్టు రాలి, ఆసుపత్రి గోడల మీద రాతలు కనబడి, ఇంట్లో గుసగుసలు వినబడి ఆమె ఎలాగూ గ్రహిస్తుంది. అప్పుడు పిల్లలు బాధపడతారని ఆమె తెలియనట్లు నటిస్తుంది, ఆమె బాధపడుతుందని పిల్లలు నటిస్తారు. నెలల తరబడి ఒకే ఇంట్లో ఎవరూ ఎవరితోనూ నిజం మాట్లాడుకోరు.

చెప్పడమంటే అన్నీ ఒకేసారి గుమ్మరించడం కాదు. “రిపోర్టుల గురించి ఎంత తెలుసుకోవాలనుకుంటున్నావు?” అని అడగండి. “నాకు వివరాలు వద్దు, మీరే చూసుకోండి” అని ఆమే అంటే అదీ ఆమె హక్కే, ఆ మాటను మన్నించండి. కొన్నాళ్లకు మనసు మారవచ్చు కనుక మళ్లీ అడుగుతూ ఉండండి. బయటివారికి ఎవరికి, ఎంత చెప్పాలన్నది కూడా ఆమెనే అడగాలి.

ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఏ విషయాల్లో సాయం కావాలి?

గాయం నుంచి వచ్చే ద్రవం బయటకు పోవడానికి కొందరికి డ్రెయిన్ గొట్టం పెట్టి పంపిస్తారు. సాధారణంగా ఒకటి రెండు వారాలు ఉండే ఆ గొట్టం సంచిని ఖాళీ చేసి, ఎంత వచ్చిందో రోజూ రాసుకోవడం ఇంట్లో ఒకరు నేర్చుకోవాలి. బరువులు ఎత్తనివ్వకూడదు. అలాగని చేతిని అసలు కదపకుండా ఉంచినా భుజం బిగుసుకుపోతుంది, కాబట్టి నేర్పిన వ్యాయామాలు చెప్పిన పద్ధతిలో చేసేలా తోడుండండి. గాయం ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము కారినా, జ్వరం వచ్చినా వెంటనే తెలియజేయాలి.

చంకలోని గ్రంథులు తీసిన వైపు చేతికి వాపు రావచ్చు. కొందరికి ఇది ఆపరేషన్ అయిన కొన్ని సంవత్సరాల తర్వాత కూడా మొదలవుతుంది. చెయ్యి బరువుగా అనిపించడం, ఉంగరమో గాజో బిగుతు కావడం దీనికి తొలి గుర్తులు. అప్పుడే చూపిస్తే ప్రత్యేక వ్యాయామాలతో, బిగుతు తొడుగుతో అదుపులో పెట్టవచ్చు. ఏళ్లు గడిచాయి కదా అని నిర్లక్ష్యం చేయకండి.

కీమోథెరపీ నడుస్తున్నప్పుడు దేని విషయంలో అన్నింటికంటే జాగ్రత్తగా ఉండాలి?

జ్వరం. కీమోథెరపీని చాలావరకు 2 లేదా 3 వారాలకు ఒక విడతగా ఇస్తారు. చాలా మందులతో, ఒక్కో విడత ఇచ్చిన తర్వాత దాదాపు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. ఆ సమయంలో చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా కొద్ది గంటల్లో ప్రాణాంతకం కావచ్చు. ఇంట్లో థర్మామీటరు తప్పనిసరిగా ఉంచండి. వేడి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే తెల్లవారనిద్దామని ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరండి. డాక్టరును అడగకుండా జ్వరం మాత్ర వేయవద్దు, దానివల్ల జ్వరం కనబడకుండా పోయి ఇన్‌ఫెక్షన్ లోపల ముదురుతుంది. కొందరిలో జ్వరం లేకుండా చలి, వణుకు, అయోమయం మాత్రమే కనిపిస్తాయి, వాటినీ ఇంతే అత్యవసరంగా చూడాలి. ఊపిరి ఆడకపోవడం, ఆగని రక్తస్రావం, నీళ్లు కూడా ఇమడనంత వాంతులు కూడా ఆగి చూడవలసినవి కావు.

జలుబు, దగ్గు ఉన్నవారు పరామర్శకు రావడం వాయిదా వేసుకోవాలి. ఈ మాట ఆమె నోటితో చెప్పించకండి, ఆ మొహమాటపు పని మీరు చేయండి. ఇంట్లో వారు ఫ్లూ టీకా వేయించుకోవడం మంచిది. కీమోథెరపీ ఇచ్చాక సుమారు 48 గంటల పాటు మందు అవశేషాలు మలమూత్రాల్లో, వాంతిలో ఉంటాయి కనుక వాటిని శుభ్రం చేసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోవాలి, మరుగుదొడ్డి ఫ్లష్ రెండుసార్లు నొక్కాలి.

ఆమెను ముట్టుకుంటే, ఆమె దగ్గర పిల్లలు పడుకుంటే ఏమైనా ప్రమాదమా?

లేదు. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. బయటి నుంచి యంత్రంతో ఇచ్చే రేడియేషన్ తీసుకున్న మనిషి ఒంట్లో రేడియోధార్మికత మిగలదు. దగ్గర కూర్చోవచ్చు, కౌగిలించుకోవచ్చు, ఒకే కంచంలో తినవచ్చు. ప్రమాదం ఉన్నదల్లా మన జలుబు ఆమెకు అంటడంలోనే.

తిండి సరిగా తినడం లేదు. బలవంతంగానైనా పెట్టాలా? బంధువులు చెబుతున్న మూలికా వైద్యం సంగతేమిటి?

బలవంతం చేస్తే భోజన సమయం అంటేనే ఆమెకు భయం పట్టుకుంటుంది. కీమోథెరపీ వల్ల రుచి మారుతుంది, నోరు పూస్తుంది, వాసనలు పడవు. నిన్న ఇష్టపడినది ఈరోజు సయించకపోవచ్చు, అది మీ వంట తప్పు కాదు. కొద్ది కొద్దిగా, ఎక్కువసార్లు, ఆమె అడిగినది ఇవ్వండి. ద్రవాలు తగ్గకుండా చూడండి. బరువు పడిపోతుంటే డాక్టరుకు చెప్పండి, వికారానికి మంచి మందులు ఉన్నాయి, ఒకటి పనిచేయకపోతే మరొకటి మార్చి ఇస్తారు.

మూలికల విషయంలో స్పష్టంగా చెప్పక తప్పదు. సహజమైనది కనుక హాని చేయదనుకోవడం పొరపాటు. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక, హార్మోన్లకు స్పందించే రకానికి ఇచ్చే టామోక్సిఫెన్ మాత్రతో సహా కొన్ని క్యాన్సర్ మందుల ప్రభావాన్ని తగ్గించగలదు. ఏది ఇవ్వాలన్నా ముందు డాక్టరుకు చెప్పండి. అసలు చికిత్సను మానేసి ప్రత్యామ్నాయ పద్ధతులనే నమ్ముకున్నవారిలో మరణాలు ఎక్కువని, రొమ్ము క్యాన్సర్‌లో ఆ తేడా మరీ పెద్దదని పరిశోధనల్లో తేలింది. నయం చేయగలిగిన దశలో ఉన్న మనిషి చేత చికిత్స మాన్పించడం కంటే పెద్ద అపకారం ఆత్మీయులు చేయగలిగింది లేదు.

జుట్టు రాలడం గురించి ఆమె ఎక్కువగా బాధపడుతోంది. ప్రాణం కంటే జుట్టు ముఖ్యమా?

ఈ ప్రశ్న ఆమె ముందు అనకండి. జుట్టు పోతే అద్దంలో కనిపించేది తన ముఖంలా ఉండదు, ఆమె చెప్పదలచుకోని విషయం వీధిలో ప్రతి ఒక్కరికీ తెలిసిపోతుంది. జుట్టు రాల్చే మందులైతే సాధారణంగా మొదటి విడత తర్వాత 2, 3 వారాలకు రాలడం మొదలవుతుంది, కనుబొమ్మలు, రెప్పల వెంట్రుకలు కూడా పోవచ్చు. విగ్గు కావాలా, స్కార్ఫ్ కావాలా, ముందుగానే కత్తిరించుకుంటుందా అని ఆమెను అడిగి, కావలసినవి ముందే సమకూర్చండి. చికిత్స సమయంలో తల చర్మాన్ని చల్లబరిచి జుట్టు రాలడాన్ని తగ్గించే టోపీలు కొన్ని ఆసుపత్రుల్లో ఉంటాయి, ఆమెకు అవి తగునా అన్నది డాక్టరును అడగవచ్చు. చికిత్స ముగిశాక చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది, మొదట్లో రంగో ఒత్తో వేరుగా ఉండవచ్చు.

నేను ఆమె భర్తను. దగ్గరికి వెళ్తే ఇబ్బంది పడుతుందేమోనని దూరంగా ఉంటున్నాను. ఇది సరైనదేనా?

మీరు జాగ్రత్త అనుకుంటున్న ఆ దూరాన్ని ఆమె అయిష్టంగా అర్థం చేసుకునే అవకాశం ఎక్కువ. మీ మనసులో ఉన్నది నోటితో చెప్పండి: “నిన్ను నొప్పిస్తానేమోనని ఆగుతున్నాను, నీకు ఎలా ఉంటే బాగుంటుందో చెప్పు.” చెయ్యి పట్టుకోవడం, పక్కన కూర్చోవడం లాంటివి ఏ రోజూ మానవద్దు. గాయాన్ని మొదటిసారి ఎప్పుడు, ఎవరి ముందు చూసుకోవాలో ఆమె నిర్ణయించుకోవాలి. ఆమె చూపించినప్పుడు ముఖం తిప్పుకోకండి.

చికిత్స వల్ల కోరిక తగ్గడం, యోని పొడిబారడం, ముందుగానే ముట్లు ఆగిపోవడం సాధారణం. వీటికి ఉపశమనాలు ఉన్నాయి, కానీ హార్మోన్లు కలిసిన మందులు ఈ జబ్బులో చాలామందికి తగవు కనుక సొంతంగా కొనకుండా డాక్టరును అడగాలి. చికిత్స కాలంలో గర్భం రాకుండా చూసుకోవడం అవసరం, అందుకు హార్మోన్లు లేని పద్ధతినే వాడమంటారు.

పిల్లలకు చెప్పాలా?

చెప్పాలి, వారి వయసుకు తగ్గ మాటల్లో. ఇంట్లో ఏదో జరుగుతోందని పసివాళ్లు కూడా పసిగడతారు, చెప్పకపోతే నిజం కంటే భయంకరమైనది ఊహించుకుంటారు. జబ్బు పేరు దాచకండి. వారు చేసిన దేనివల్లా అది రాలేదని, అంటుకోదని, అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు తమను ఎవరు చూసుకుంటారో వారికి తెలియాలి. “అమ్మ చనిపోతుందా?” అని అడిగితే అబద్ధపు హామీ ఇవ్వకుండా, డాక్టర్లు మంచి మందులు ఇస్తున్నారని, ఏదైనా మారితే తప్పకుండా చెబుతామని అనండి, ఆ మాట నిలబెట్టుకోండి. బడిలో టీచరుకు కూడా ఒక మాట చెప్పి ఉంచడం మేలు.

ఊరికే విసుక్కుంటోంది, ఒక్కోసారి ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఏం చేయాలి?

కోపం తరచుగా దగ్గరివారి మీదే పడుతుంది, వారు వదిలి వెళ్లరన్న నమ్మకం ఉంటుంది కనుక. వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ మందుల వల్ల నిద్ర పట్టకపోవడం, చిరాకు రావడం కూడా మామూలే. అన్నింటికీ సమాధానం చెప్పనక్కరలేదు, కాసేపాగి మళ్లీ పక్కన కూర్చోండి. కానీ దిగులు రెండు వారాలకు పైగా వదలకుండా ఉన్నా, ఇష్టమైనవేవీ పట్టకపోయినా, బతకాలని లేదన్నట్లు మాట్లాడినా దాన్ని చికిత్స అవసరమైన పరిస్థితిగా చూసి డాక్టరుకు చెప్పాలి. బతకాలని లేదన్న మాట వింటే రెండు వారాలు లెక్కపెట్టకండి, ఆరోజే చెప్పండి, ఆమెను ఒంటరిగా వదలకండి. దిగులుకు వాడే కొన్ని మందులు టామోక్సిఫెన్ పనితీరుకు అడ్డుపడతాయి కనుక, ఆ మందు వాడుతుంటే మానసిక వైద్యులకు తప్పక తెలపండి.

ఇదే జబ్బును దాటి వచ్చిన మరో స్త్రీతో మాట్లాడటం కొందరికి ఎంతో ఊరట. 1952లో రొమ్ము తొలగించే ఆపరేషన్ చేయించుకున్న అమెరికా మహిళ టెరీస్ లాసర్, తనలాంటివారిని ఆసుపత్రుల్లో స్వయంగా కలుసుకుంటూ ‘రీచ్ టు రికవరీ’ అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టింది, తర్వాత అది ఇతర దేశాలకూ పాకింది. మన ప్రేమ ఎంత గట్టిదైనా ఆ స్త్రీ చెప్పగలిగినది మనం చెప్పలేమని ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు.

చికిత్స పూర్తయింది, రిపోర్టులు బాగున్నాయి. అయినా ఆమె మామూలుగా లేదు. ఎందుకు?

ఆత్మీయులు ఎక్కువగా పొరబడేది ఇక్కడేనని నా అభిప్రాయం. ఆఖరి రేడియేషన్ రోజున అందరూ అభినందించి ఎవరి పనుల్లో వారు పడిపోతారు, ఆమెకు అసలు ఆలోచించుకునే తీరిక దొరికేది అప్పుడే. ఇన్నాళ్లు వారం వారం ఎవరో ఒకరు పరీక్షించేవారు, ఇప్పుడు కొన్ని నెలలకు ఒకసారి రమ్మంటారు. ఒంట్లో ఏ నొప్పి వచ్చినా జబ్బు తిరగబెట్టిందేమోనన్న అనుమానం పుడుతుంది. పరీక్ష తేదీ దగ్గర పడేకొద్దీ నిద్ర కరువవుతుంది.

చికిత్స కూడా నిజానికి ముగిసి ఉండకపోవచ్చు. హార్మోన్లకు స్పందించే రకం అయితే టామోక్సిఫెన్ గాని, ఒంట్లో ఈస్ట్రోజన్ హార్మోన్ తయారీని తగ్గించే అరోమటేజ్ ఇన్‌హిబిటర్ల వంటి మాత్రలు గాని 5 నుంచి 10 సంవత్సరాలు వాడాలి. హెర్2 రకానికి ఇచ్చే ట్రాస్టుజుమాబ్ సాధారణంగా ఏడాది పాటు సాగుతుంది. ఒళ్లంతా ఆవిర్లు, కీళ్ల నొప్పులు, నిద్రలేమి భరించలేక ఈ మాత్రలను మధ్యలో ఆపేసేవారు చాలామంది ఉన్నారు. ఆమె మాత్రలు మానేస్తున్నట్లు తెలిస్తే కోప్పడవద్దు, ఏం బాధ పెడుతోందో అడిగి డాక్టరు దగ్గరికి కలిసి వెళ్లండి. మందు మార్చవచ్చు, బాధ తగ్గించే ఉపాయాలు ఉంటాయి. విశ్రాంతితో తీరని అలసట, మాట గుర్తు రాకపోవడం, ఏకాగ్రత కుదరకపోవడం చికిత్స ముగిశాక కూడా నెలల తరబడి, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం ఉంటాయి. అది బద్ధకం కాదు. డాక్టరు అనుమతితో రోజూ కొంత నడవడం అలసటను తగ్గిస్తుందని రుజువైంది. “నడువు” అని చెప్పేకంటే మీరూ కలిసి నడవండి.

ఆమె ఆపరేషన్ జరిగిన నెల, పరీక్ష తేదీలు మీ క్యాలెండరులో రాసుకోండి. మూడో ఏట కూడా ఆ ముందు రోజు ఫోన్ చేసే స్నేహితులు అరుదు.

జబ్బు తిరగబెట్టి ఇతర అవయవాలకు పాకిందన్నారు. ఇప్పుడు ఎలా ఉండాలి?

ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకిన రొమ్ము క్యాన్సర్‌ను చాలావరకు పూర్తిగా నయం చేయలేరు, కానీ చికిత్స చేయగలరు, కొందరు ఏళ్ల తరబడి జీవిస్తున్నారు. “మళ్లీ పోరాడి గెలుస్తావు” అనవద్దు, గెలుపోటములు ఆమె పట్టుదల మీద ఆధారపడినవి కావు. ఎప్పుడు అయిపోతుందని అడగవద్దు, ఈ చికిత్స పనిచేసినంత కాలం సాగుతుంది. నొప్పిని, ఆయాసాన్ని, దిగులును తగ్గించే పాలియేటివ్ వైద్యం ఆఖరి రోజులకు మాత్రమే కాదు, మొదటి నుంచే మిగతా చికిత్సతో పాటు తీసుకోవచ్చు. ఆమె తన తర్వాత సంగతులు మాట్లాడాలనుకుంటే “అలాంటి మాటలు వద్దు” అని నోరు మూయించకండి. ఆ మాటలు వినడానికి మీరు తప్ప ఇంకెవరూ లేకపోవచ్చు.

నేను దూరంగా ఉన్నాను. అక్కడికి వెళ్లలేను.

దూరం నుంచి కూడా చేయగలిగినవి ఉన్నాయి: బీమా పత్రాలు నింపడం, బిల్లులు కట్టడం, అపాయింట్‌మెంట్లు తీసుకోవడం, ఇంట్లో చూసుకుంటున్నవారి గోడు వినడం. ఆమెకు సందేశం పంపేటప్పుడు “జవాబు ఇవ్వనక్కరలేదు” అని చివర రాయండి. సలహాలు మాత్రం దూరం నుంచి పంపకండి, పక్కనే ఉండి చేసేవారికి అవి ఆజ్ఞల్లా వినబడతాయి.

ఆమెను చూసుకుంటూ నేనే కుంగిపోతున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నెలల తరబడి సేవ చేసేవారిలో నిద్రలేమి, దిగులు, సొంత మందులు మరచిపోవడం చాలా తరచుగా కనిపిస్తాయి. వారంలో కొన్ని గంటలు ఇంకొకరికి బాధ్యత అప్పగించి బయటకు వెళ్లండి, వాయిదా వేసిన మీ పరీక్షలు చేయించుకోండి. విసుగు, కోపం, ఇదంతా ఎప్పుడు ముగుస్తుందా అన్న ఆలోచన రావడం ప్రేమ తగ్గిందనడానికి గుర్తు కాదు. వాటిని నమ్మకమైన మిత్రులతోనో కౌన్సెలర్‌తోనో చెప్పుకోండి. ఇల్లంతా ఒక్క మనిషి మీదే నడుస్తుంటే, ఈ భారంలో తమ వంతు ఏమిటన్న ప్రశ్నను తక్కిన కుటుంబ సభ్యులు తమకు తామే వేసుకోవాలి.

ఆమె అక్కచెల్లెళ్లకు, కూతుళ్లకు కూడా వస్తుందా?

వచ్చి తీరుతుందని లేదు. తల్లికో, తోబుట్టువుకో, కూతురికో ఈ జబ్బు ఉంటే ఆ స్త్రీకి వచ్చే అవకాశం సుమారు రెట్టింపవుతుంది. అయితే వంశపారంపర్యంగా వచ్చిన జన్యు లోపం వల్ల వచ్చే రొమ్ము క్యాన్సర్లు మొత్తంలో 5 నుంచి 10 శాతమే. వాటిలో ముఖ్యమైనవి బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లోని లోపాలు, ఇవి తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు. చిన్న వయసులో వచ్చినా, కుటుంబంలో ఎక్కువ మందికి రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ ఉన్నా, పురుషుడికి రొమ్ము క్యాన్సర్ వచ్చినా జన్యు సలహాదారును కలవడం మంచిది. రొమ్మును ఎక్స్‌రే తీసి చూసే మమోగ్రామ్ పరీక్షను ఏ వయసులో మొదలుపెట్టాలన్నది కూడా ఆ వివరాలను బట్టి మారుతుంది. వీలైనంతవరకు జన్యు పరీక్షను మొదట జబ్బు వచ్చిన మనిషికే చేస్తారు, ఆమెలో ఏ లోపం ఉందో తెలిస్తే మిగతావారిలో దాని కోసమే వెతకవచ్చు. కాబట్టి ఈ పరీక్ష కావాలనుకునే అక్కచెల్లెళ్లు ఆమె కాస్త కుదుటపడిన రోజు చూసి, ఒత్తిడి చేయకుండా అడగాలి. కాకపోతే కొన్నిసార్లు ఏ ఆపరేషన్, ఏ మందు అన్నది ఆ ఫలితం మీదే ఆధారపడి ఉంటుంది కనుక, డాక్టరే ఆ పరీక్షను చికిత్స మొదట్లోనే చేయించమనవచ్చు.